సమ్మె వార్తల్లో తేదీలు ఏవి?

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, చిత్తూరు జిల్లా పేజీల్లో సమ్మె వార్త తరచూ కనిపిస్తుంది. టెంటు ఫొటో, నినాదాలు, నాయకుల పేర్ల వరస, చివర ‘చర్చలు విఫలం’ అన్న ముక్క ఉంటాయి. సమ్మె నోటీసు ఏ రోజు ఇచ్చారు, లేబర్ ఆఫీసులో ఇరుపక్షాలనూ కూర్చోబెట్టే తొలి జాయింట్ మీటింగ్ ఎప్పుడు జరిగింది, పాత వేతన ఒప్పందాన్ని రద్దు చేస్తూ నోటీసు ఇచ్చారా లేదా అన్నవి మాత్రం ఉండవు. ఆ సమ్మె చట్టానికి నిలుస్తుందా, కార్మికుడికి జీతం కోత పడుతుందా, నాయకుడి మీద కేసు పడుతుందా అన్నవి తేలేది ఆ తేదీలతోనే. పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాక వాటి విలువ ఇంకా పెరిగింది. కార్మిక వివాదాలను చదివేవాళ్లం, బోధించేవాళ్లం కాబట్టి ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాం.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ముందస్తు సమ్మె నోటీసు నిబంధన రైల్వే, విద్యుత్తు, నీటి సరఫరా లాంటి ప్రజోపయోగ సేవలకే వర్తించేది. మామూలు ఫ్యాక్టరీలో నోటీసు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో సమ్మె అక్రమం అయ్యేది కాదు. కొత్త కోడ్ 62వ సెక్షన్ ఆ తేడాను తీసేసింది. ఇప్పుడు ఏ పరిశ్రమలోనైనా నోటీసు ఇచ్చి 14 రోజులు ఆగాలి. ఆ నోటీసు 60 రోజుల వరకే చెల్లుతుంది, దాటితే మళ్లీ ఇవ్వాలి. సగం మంది లేదా అంతకు మించి కార్మికులు ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. ‘మేం సమ్మె చేయలేదు, లీవు పెట్టాం’ అనే పాత ఉపాయం ఇక పనికిరాదు. అక్రమ సమ్మెలో పాల్గొన్న కార్మికుడికి రూ.1,000 నుంచి రూ.10,000 దాకా జరిమానా, లేదా నెల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పురిగొల్పిన వాళ్లకు జరిమానా రూ.10,000 నుంచి రూ.50,000 దాకా ఉంటుంది.

14 రోజులేగా అనిపిస్తుంది. క్యాలెండర్ ముందు పెట్టుకుని చూస్తే సంగతి వేరు. ఒక యూనియన్ నెల ఒకటో తేదీన నోటీసు ఇచ్చి, 16 నుంచి సమ్మె అని ప్రకటించిందనుకుందాం. యాజమాన్యం 5 రోజుల్లో ఆ సంగతి ప్రభుత్వానికీ, రాజీ అధికారికీ (ఇరుపక్షాలకూ సర్దిచెప్పే లేబర్ అధికారి) తెలపాలి. అధికారి 10న ఇరుపక్షాలనూ పిలిచి తొలి సమావేశం పెట్టారు. కోడ్ లెక్కలో రాజీ ప్రక్రియ ఆ రోజే మొదలైంది, ఇక 16న సమ్మెకు దిగితే చెల్లదు. సమ్మె నోటీసు ఉన్న వివాదంలో అధికారి 14 రోజుల్లో నివేదిక పంపాలి కాబట్టి 24 దాకా ఆగాలి. రాజీ విఫలమైనా ఇంకో 7 రోజులు ఆగాలి. దాంతో నెల అయిపోతుంది. ఈలోపు వివాదంలో ఉన్న ఏ పక్షమైనా, పారిశ్రామిక వివాదాల మీద తీర్పు చెప్పే ట్రైబ్యునల్‌లో దరఖాస్తు వేస్తే, ఆ విచారణ నడిచినంత కాలమూ, ముగిశాక 60 రోజులూ సమ్మె నిషిద్ధం. దరఖాస్తు వేసే హక్కు యాజమాన్యానికి కూడా ఉంది. అంటే చట్టబద్ధంగా సమ్మె మొదలుపెట్టడానికి దొరికే సందు చాలా ఇరుకు. అప్పటికే సక్రమంగా మొదలై సాగుతున్న సమ్మె మాత్రం, వివాదం ట్రైబ్యునల్‌కు వెళ్లినంత మాత్రాన అక్రమం కాదు. మొదలైన తేదీ ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టే తెలుస్తుంది.

యూనియన్లు తరచూ తడబడేది పాత ఒప్పందం దగ్గర. మూడేళ్ల వేతన ఒప్పందం మార్చితో ముగిస్తే ఏప్రిల్ నుంచి స్వేచ్ఛే అనుకుంటారు. గడువు తీరినంత మాత్రాన ఒప్పందం పోదు. ఒక పక్షం రాతపూర్వకంగా రద్దు నోటీసు ఇచ్చి, 60 రోజులు గడిచేదాకా అది కట్టుబాటుగానే ఉంటుంది. ఆ ఒప్పందంలో ఉన్న అంశాల మీద అంతలోపు సమ్మె చేస్తే అది అక్రమమే. కొత్త కోర్కెల పత్రం ఎంతో శ్రద్ధగా టైపు చేయించి, ఈ ఒక్క పేజీ రద్దు నోటీసు మరిచిపోయే యూనియన్లు ఉన్నాయి.

జీతం సంగతీ చెప్పాలి. పని చేయని రోజులకు వేతనం కోయవచ్చని సుప్రీంకోర్టు 1990లో టి.ఎస్. కేలావాలా కేసులో చెప్పింది. సమ్మె రోజుల వేతనం అడగాలంటే సమ్మె చట్టబద్ధమే కాదు, న్యాయమైనది కూడా అయి ఉండాలని 1994లో ఉమేశ్ నాయక్ కేసులో తేల్చింది. దీనికి తోడు, పది మంది లేదా అంతకు మించి కూడబలుక్కుని, సరైన కారణం లేకుండా, ఉద్యోగ షరతుల ప్రకారం ఇవ్వాల్సిన నోటీసు ఇవ్వకుండా మానేస్తే, 8 రోజుల వేతనం మించకుండా అదనపు కోతకు వేతన చట్టంలో వీలుంది. ఒక్క పూట మెరుపు సమ్మెకు వారం పైగా జీతం పోవచ్చన్నమాట. ఇంత బరువైన సంగతి టెంటు కింద మైకులో ఎవరూ చెప్పరు. పత్రికైనా చెప్పాలి.

సమ్మె దాకా రాకముందు ఫిర్యాదు ఏమైందన్నది అసలు ప్రశ్న. మన జిల్లాల్లో ‘గ్రీవెన్స్’ అంటే కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల కార్యక్రమం. ఫ్యాక్టరీలో ఓటీ డబ్బు రాలేదన్నా, పీఎఫ్ జమ కాలేదన్నా అర్జీ పట్టుకుని ఆ వరసలోనే నిలబడతారు. ఆ అర్జీ లేబర్ ఆఫీసుకు చేరొచ్చు, ఉపయోగపడొచ్చు కూడా. అయితే కోడ్ చెప్పే ఫిర్యాదు అది కాదు. 20 మంది, అంతకు మించి కార్మికులున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. యాజమాన్యం నుంచి ఎందరో, కార్మికుల నుంచి అందరే. మొత్తం పదిమందికి మించకూడదు. అధ్యక్ష స్థానం ఏటా మారుతూ రెండు పక్షాలకూ రావాలి. మహిళా కార్మికులు ఎంత నిష్పత్తిలో ఉంటే కమిటీలో వాళ్ల ప్రాతినిధ్యం దానికి తగ్గకూడదు. శ్రీసిటీలో, రేణిగుంట పరిసరాల ఎలక్ట్రానిక్స్ యూనిట్లలో లైన్ల మీద కూర్చునే అమ్మాయిల సంఖ్య చూస్తే ఈ నిబంధన బరువు తెలుస్తుంది. సమస్య పుట్టిన ఏడాదిలోపు ఫిర్యాదు ఇవ్వాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. తృప్తి కలగకపోతే 60 రోజుల్లో యూనియన్ ద్వారా రాజీ అధికారి దగ్గరికి వెళ్లొచ్చు.

పని నుంచి తీసేసిన కార్మికుడికి దారి వేరు. యూనియన్ వెంట లేకపోయినా అతనే రాజీ అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. గడువు తీసేసిన రోజు నుంచి రెండేళ్లు. పాత చట్టంలో మూడేళ్లు ఉండేది. ఆ పాత లెక్క నమ్ముకుని కూర్చున్న వాళ్లకు ఈ మార్పు ఎవరైనా చెప్పాలి.

ఫిర్యాదు రాయడంలోనే సగం కేసులు ఓడిపోతాయి. ‘సూపర్‌వైజర్ వేధిస్తున్నాడు, న్యాయం చేయాలి’ అని రాస్తే కమిటీ చేతిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఏ తేదీ, ఏ షిఫ్టు, ఏ లైను, ఎవరు చూశారు, స్టాండింగ్ ఆర్డర్లలో (సంస్థ ఉద్యోగ నియమాలు) గానీ ఒప్పందంలో గానీ ఏ అంశానికి విరుద్ధం, ఎన్ని గంటల ఓటీకి ఎంత తక్కువ వచ్చింది, ఏం చేస్తే సమస్య తీరుతుంది అన్నవి ఉండాలి. రెండో కాపీ మీద ముద్ర, తేదీతో రసీదు తీసుకోవాలి. రసీదు లేని ఫిర్యాదుకు 30 రోజులు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో ఎవరూ చెప్పలేరు.

అయినా కమిటీలు పనిచేయవెందుకు? కొన్నిచోట్ల అవి ఆడిట్ ఫైలులోనే ఉంటాయి. కొన్నిచోట్ల ఎవరి మీద ఫిర్యాదో ఆయనే కమిటీలో కూర్చుంటాడు. వీటికి మించిన కారణం భయం, దానికి పరిశోధన ఆధారమూ ఉంది. అమెరికాలో 1980ల్లో ఉక్కు, చిల్లర వర్తకం, ఆస్పత్రులు, ప్రభుత్వ పాఠశాలలు, ఇలా నాలుగు రంగాల్లో ఫిర్యాదుల వ్యవస్థను లోతుగా పరిశీలించారు. ఫిర్యాదు చేసిన వాళ్లకు ఆ తర్వాత పనితీరు మార్కులు తగ్గాయి, పదోన్నతులు తగ్గాయి, ఉద్యోగం వదిలేయడం పెరిగింది. వాళ్ల సూపర్‌వైజర్లకూ అదే జరిగింది. బలమైన యూనియన్లు, రాతపూర్వక ఒప్పందాలు ఉన్నచోటే అలా ఉంటే, ఆరు నెలల కాంట్రాక్టు మీద ఉన్న కుర్రవాడు కాగితం మీద సంతకం పెడతాడా? మౌనంగా ఇంకో కంపెనీకి వెళ్లిపోతాడు. ఫిర్యాదులు సున్నా అని చూపించే ఫ్యాక్టరీలో మానేసే వాళ్ల సంఖ్య కూడా పక్కనే పెట్టి చూడాలి.

చిత్తూరు జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఇక్కడి మామిడి గుజ్జు పరిశ్రమలకు అసలు పని తోతాపురి కాయ వచ్చే రెండు నెలల చిల్లర కాలమే. జూన్ మొదట్లో కూలి తేడా మీద ఫిర్యాదు ఇస్తే కమిటీకి 30 రోజులు, రాజీ అధికారికి 45 రోజులు. మొత్తం 75 రోజులు. అప్పటికి కాయ అయిపోతుంది, బాయిలర్లు చల్లారుతాయి, కార్మికులు ఊళ్లకు వెళ్లిపోతారు. గడువులన్నీ అందరూ పాటించినా ఫలితం సున్నా. సీజను పరిశ్రమలకు ఈ గడువులు సరిపోవు. సీజను మొదలవకముందే, మే నెలలోనే, రోజు కూలి, రాత్రి షిఫ్టు, ఓటీ రేటు, రవాణా అన్నీ రాసుకుని ఒప్పందం చేసుకోవాలి. వివాదం వస్తే వారంలో తీర్పు చెప్పే మధ్యవర్తి పేరు కూడా ఆ కాగితంలోనే ఉండాలి. కాయ లారీలు గేటు ముందు బారులు తీరాక చర్చలంటే ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్టే. రైతు, కార్మికుడు, యజమాని ముగ్గురూ నష్టపోతారు.

లేబర్ ఆఫీసుకు వెళ్లేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. రైల్వే, బ్యాంకుల లాంటివి కేంద్ర కార్మిక శాఖ పరిధి, ఎక్కువ ఫ్యాక్టరీలు రాష్ట్ర కార్మిక శాఖ పరిధి. తప్పు ఆఫీసులో ఇస్తే వారాలు పోతాయి. కాంట్రాక్టు కార్మికుల వివాదంలో కాంట్రాక్టర్ ఒక్కరికే నోటీసు ఇస్తే, టెండర్ మారగానే కొత్త కాంట్రాక్టర్ ‘నాకు సంబంధం లేదు’ అంటాడు. అసలు యజమానిని కూడా పార్టీగా చేర్చాలి. ఇది ధర్మసంస్థలు, ట్రస్టులు ఆస్పత్రులు, వసతి గృహాలు నడిపే ప్రాంతం కూడా. దాతృత్వ, సామాజిక సేవలో పూర్తిగా లేదా ప్రధానంగా ఉన్న సంస్థలు నడిపే వాటిని కోడ్ ‘పరిశ్రమ’ నిర్వచనం నుంచి తప్పించింది. 1978 బెంగళూరు నీటి సరఫరా కేసు తీర్పుతో అలాంటి చాలాచోట్ల కార్మికులకు వచ్చిన హక్కు ఇప్పుడు ప్రశ్నార్థకమైంది. అక్కడ పనిచేసేవాళ్లు తొలి అడుగు వేయకముందే ఈ సంగతి న్యాయవాదితో తేల్చుకోవాలి.

చర్చలు ఫలించినప్పుడు జరిగే పొరపాటు మరీ బాధాకరం. రాత్రి పది గంటలకు మీటింగ్ ముగుస్తుంది, మినిట్స్ మీద సంతకాలు పెడతారు, టెంటు తీసేస్తారు. మినిట్స్ ఒప్పందం కాదు. యూనియన్ల వాడుకలో ‘12(3) ఒప్పందం’ అనేది పాత చట్టం సెక్షన్ పేరు. రాజీ అధికారి సమక్షంలో నిర్ణీత పద్ధతిలో రాసుకునే పత్రం అది. ఆ సంస్థలోని కార్మికులందరినీ, రేపు చేరేవాళ్లను కూడా కట్టిపడేస్తుంది. అధికారి లేకుండా ఇరుపక్షాలు రాసుకునే ‘18(1)’ సంతకం చేసిన పక్షాలకే పరిమితం. కోడ్‌లో అంకెలు మారినా ఈ తేడా పోలేదు. పత్రంలో ‘సానుకూలంగా పరిశీలిస్తాం’ అన్న మాట ఉంటే దానికి విలువ లేదు. ఎంత, ఏ తేదీ నుంచి, ఎవరెవరికి, బకాయి ఎన్ని వాయిదాల్లో, సమ్మె రోజుల సంగతేమిటి, కార్మికులకు యాజమాన్యం ఇచ్చిన క్రమశిక్షణ చార్జిషీట్లు వెనక్కి తీసుకుంటారా అన్నవి ఉండాలి. అంకె రాసి ఉన్న ఒప్పందం అమలు కాకపోతే ఆ సొమ్మును భూమి శిస్తు బకాయిలా కలెక్టర్ ద్వారా వసూలు చేయించుకునే దారి చట్టంలో ఉంది. ‘పరిశీలిస్తాం’ అన్నదాన్ని ఏ తహసీల్దారూ వసూలు చేయలేడు.

ఇక మధ్యవర్తిత్వం. తెలుగులో ఈ మాటతోనే చిక్కు. ఇద్దరి మధ్య కూర్చుని సర్దిచెప్పేవాడూ మధ్యవర్తే, ఇరుపక్షాలూ ముందే ఒప్పుకుని తీర్పు చెప్పించుకునేవాడూ మధ్యవర్తే. లేబర్ అధికారి మొదటి రకం, తీర్పు చెప్పలేరు. రెండో రకానికి పాత చట్టంలో 10ఏ సెక్షన్ ఉండేది, కోడ్‌లో అది 42. స్వచ్ఛందంగా, రాతపూర్వకంగా, మధ్యవర్తి పేరుతో ఒప్పందం రాసుకుని, కాపీ ప్రభుత్వానికీ రాజీ అధికారికీ పంపాలి. సరిసంఖ్యలో మధ్యవర్తులుంటే వాళ్లు విభేదించినప్పుడు తేల్చడానికి ఇంకొకరిని పేర్కొనాలి. వ్యాపార వివాదాల 1996 మధ్యవర్తిత్వ చట్టం దీనికి వర్తించదు. కొందరు న్యాయవాదులే ఆ చట్టం నమూనాలో ముసాయిదా రాసేస్తారు. లాంఛనాలు చిన్నవని వదిలేస్తే ఏమవుతుందో 1989లో లిబర్టీ ఫుట్‌వేర్ కేసు చూపించింది. మధ్యవర్తి ఒప్పందాన్ని పాత చట్టం చెప్పినట్టు గెజిట్‌లో ప్రచురించలేదు. సుప్రీంకోర్టు ఆ ప్రచురణ తప్పనిసరి అంది, మధ్యవర్తి తీర్పు నిలవలేదు.

ఈ పద్ధతి మన దేశానికి కొత్త కాదు. 1918లో అహ్మదాబాద్ మిల్లు కార్మికులు 35 శాతం పెంపు అడిగారు, యజమానులు 20 దగ్గర ఆగారు. గాంధీ నిరశన తర్వాత కుదిరిన ఏర్పాటు ఇది: మొదటి రోజు 35 శాతం, రెండో రోజు 20, మూడో రోజు నుంచి మధ్యవర్తి తీర్పు వచ్చేదాకా 27.5. మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ 35 శాతమే ఇచ్చారు. తీర్పు వచ్చేలోపు మగ్గాలు ఆగకుండా మధ్యంతర రేటు రాసుకోవడం ఆ కాగితంలోని తెలివి. మన యూనియన్లు అదే నేర్చుకోవాలి. 2019లో తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తులు ముగ్గురితో కమిటీ వేద్దామని హైకోర్టు సూచిస్తే ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఇరుపక్షాలూ నమ్మే మూడో మనిషి దొరక్కపోతే వివాదం ఎంత దూరం పోతుందో తెలుగువాళ్లం దగ్గర్నుంచి చూశాం.

మధ్యవర్తిత్వానికీ లోపాలున్నాయి. యజమాని రూ.500 అని, యూనియన్ రూ.3,000 అని పట్టుపట్టినప్పుడు మధ్యవర్తి సగానికి సగం చేస్తాడని ఇద్దరికీ అనిపిస్తే, వచ్చేసారి ఒకరు ఇంకా తక్కువ, ఒకరు ఇంకా ఎక్కువ చెబుతారు. అసలు చర్చే చల్లబడిపోతుంది. దీనికి విరుగుడుగా కొన్ని దేశాల్లో, ఇరుపక్షాల చివరి ప్రతిపాదనల్లో ఏదో ఒకదాన్నే యథాతథంగా ఎంచుకోవాలన్న షరతు పెడతారు. అతిగా అడిగినవాడు మొత్తం పోగొట్టుకుంటాడు కాబట్టి ఇద్దరూ నేలకు దిగుతారు. అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ల జీతాల వివాదాల్లో 1974 నుంచి ఇదే పద్ధతి. వేతనం లాంటి ఒక్క అంకె దగ్గర ఇది బాగా నడుస్తుంది. పని భారం, భద్రత లాంటి వాటికి పనికిరాదని మా అభిప్రాయం. వేటు కేసులకైతే విచారణ రికార్డు మొత్తం చదివే మధ్యవర్తే కావాలి.

తెలుగువాడైన వి.వి. గిరి 1952 నుంచి 1954 దాకా కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, కోర్టు తీర్పుల మీద ఆధారపడకుండా నేరుగా బేరసారాలతో, స్వచ్ఛంద మధ్యవర్తిత్వంతో తేల్చుకోవాలని గట్టిగా వాదించారు. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రైబ్యునల్ నిర్ణయాన్ని ప్రభుత్వం మార్చినందుకు 1954లో మంత్రి పదవే వదులుకున్నారు. ఆయన వాదన నెగ్గలేదు. ఇక్కడి కార్మికులు వేటు కేసుల కోసం అనంతపురం లేబర్ కోర్టుకు బస్సెక్కుతూనే వచ్చారు.

వీటిలో ఏది మన దగ్గర పనిచేస్తోందో, ఏది చేయడం లేదో చెప్పగల పరిశోధన మన రెండు జిల్లాల మీద జరగాలి. కేంద్ర ప్రభుత్వ లేబర్ బ్యూరో సమ్మెలు, లాకౌట్లు (యాజమాన్యమే పని ఆపేయడం), పోయిన పనిదినాల లెక్క ఇస్తుంది. పనిదినం అంటే కార్మికుల సంఖ్యను రోజులతో గుణించడమే. 400 మంది 5 రోజులు చేసినా 2,000, 2,000 మంది ఒక్కరోజు చేసినా 2,000. రెండూ ఒకటి కావు. పైగా సమ్మె దాకా రాకుండా ముగిసిన వివాదం, గేటు దగ్గర రెండు గంటల నిలుపుదల ఆ అంకెల్లోకి ఎక్కడం కష్టం. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సాగిన అంగన్‌వాడీల సమ్మెలో ప్రభుత్వం అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించింది. ఆ దారి ఫ్యాక్టరీ వివాదాల దారికి పూర్తిగా వేరు. రెండింటినీ ఒకే గంపలో వేసి చదవలేం.

1954లో పుట్టిన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉంది. పదేళ్ల సమ్మె నోటీసులు, జాయింట్ మీటింగ్ మినిట్స్, ఒప్పంద పత్రాలు, తీర్పులు కార్మికుల పేర్లు తీసేసి అక్కడ ఒకచోట చేర్చాలి. ప్రతి వివాదానికీ కోర్కె, నోటీసు తేదీ, తొలి మీటింగ్, చివరి మీటింగ్, ఫలితం, ఒప్పందం అమలైన తేదీ ఒక వరసలో నమోదైతే, పీజీ విద్యార్థి ఒక సెమిస్టర్‌లో వంద వివాదాలు చదవగలడు. ఏ కోర్కె రాజీలో తెగుతుంది, ఏది ఎప్పుడూ కోర్టుకే పోతుంది, సంతకానికీ అమలుకూ మధ్య ఎన్నాళ్లు పోతున్నాయి అన్నవి తెలుస్తాయి. యూనియన్ ఆఫీసుల బీరువాల్లో చెదలు తింటున్న పాత ఫైళ్లు కూడా ఇస్తే ఇంకా మేలు. ఒకసారి పోతే అవి మళ్లీ దొరకవు.

మీ విలేకరులకు మా విన్నపం ఒక్కటే. సమ్మె వార్త రాసేటప్పుడు నోటీసు తేదీ, తొలి జాయింట్ మీటింగ్ తేదీ, పాత ఒప్పందం రద్దు నోటీసు ఇచ్చిన తేదీ, ఫిర్యాదుల కమిటీకి ఆ అంశం వెళ్లిందా లేదా అన్న నాలుగు ముక్కలు అడిగి రాయండి. యూనియన్ దగ్గర ఒకసారి, యాజమాన్యం దగ్గర ఒకసారి అడగండి, తేడా వస్తే లేబర్ ఆఫీసులో సరిచూడండి. తోతాపురి కాయ దిగేలోపు, గుజ్జు ఫ్యాక్టరీల్లో ఎన్నింటిలో సీజను ఒప్పందం రాసుకున్నారో మే నెలలోనే ఒక వార్త వేయండి.

ఇట్లు,
కార్మిక సంబంధాల అధ్యాపకులు, పరిశోధకులు,
తిరుపతి